కోత పండుగ పాట జనం నోట పలకాలంటే

ప్రశ్న: మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె సంఘం. ఆదివారం ఆరాధనకు 150 మంది దాకా వస్తారు. జనవరి రెండో ఆదివారం కోత పండుగ. గాయక బృందంలో 9 మందిమి ఉన్నాం. కీబోర్డు, ఢోలక్, తబలా ఉన్నాయి. కిందటేడు కృతజ్ఞత పాటలని ఆరు కొత్తవి యూట్యూబ్‌లో విని నేర్చుకుని పాడాం. జనం చప్పట్లు కొట్టారు గానీ నోరు కలపలేదు. పెద్దవాళ్లు పాత కీర్తనలే కావాలంటారు, యవ్వనస్తులకు అవి సాగతీతగా ఉంటాయి. పైగా ఈసారి అక్టోబరు తుపానుకు సగం ఊరి వరి నేలకొరిగింది. ఇద్దరు కౌలు రైతులకు గింజ చేతికొచ్చేలా లేదు. వాళ్లు ఎదురుగా కూర్చుని ఉండగా మేలులకు వందనాలని ఎలా పాడించాలి? ఏ పాటలు ఎంచుకోవాలి, ఎలా నేర్పాలి?
– ఒక గాయక బృంద నాయకురాలు

జవాబు: వందనాలు సోదరీ. మీ ఉత్తరంలో బరువైన ప్రశ్న కౌలు రైతుల గురించి అడిగినదే. దాని దగ్గరికి వస్తాం. ముందు కిందటేడు జనం నోరెందుకు కలపలేదో తేల్చుకోవాలి, ఎందుకంటే పాట గాయక బృందం నోట్లోనే ఆగిపోతే ఆ రైతులకైనా ఇంకెవరికైనా అది వినికిడే అవుతుంది తప్ప కృతజ్ఞత అవదు. ఒకే ఆదివారం ఆరు కొత్త పాటలన్నారు. సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం శ్రుతిలో ఉంటుంది. విన్న శ్రుతిలోనే కీబోర్డు పెట్టి ఉంటారు.

రికార్డింగులో పాడేది సాధన ఉన్న ఒక్క గొంతు. మగ గొంతైతే ఒకటిన్నర శ్రుతిలో (అంటే 'స' సి షార్ప్ మెట్టు మీద) ఎత్తుకుని చరణంలో పైస్థాయి గాంధారం ('గ') దాకా పోతాడు. కీబోర్డు మీద అది ఎఫ్ మెట్టు. పొలం పని చేసి వచ్చిన మగవాళ్లలో నలుగురికి కూడా అది అందదు. ఆడవాళ్ల పాట్లు ఇంకో రకం. అతని స్థాయిలోనే పాడితే పల్లవి గొంతు అడుక్కి పోతుంది, ఒక స్థాయి పైకెత్తితే చరణంలో అరవాలి. రెండూ కుదరనప్పుడు మనిషి చేసేది ఒకటే, నోరు మూసుకుని చప్పట్లు కొట్టడం. మీ సంఘం చేసింది అదే.

సాధన లేని గొంతులకు హాయిగా అందే మేర చిన్నది. ఆడవాళ్లకూ పిల్లలకూ నడిమి సి కింద ఉన్న 'ఏ' అనే మెట్టు నుంచి పై సి దాకా, వేడెక్కాక డి దాకా. మగవాళ్లకు సరిగ్గా అదే, ఒక స్థాయి కింద. పాటను ఎంచుకోగానే మాటలు పక్కన పెట్టి దానిలో అన్నిటికన్నా కింది స్వరం ఏది, పై స్వరం ఏది అని రెండే చూడండి. కింది పంచమం ('ప') నుంచి పై షడ్జమం ('స') దాకా తిరిగే పాటైతే రెండు శ్రుతిలో ('స' డి మీద) సరిపోతుంది: కింద ఏ, పైన డి. షడ్జమం కిందికి దిగకుండా పై గాంధారం దాకా ఎక్కే పాటైతే ఆరు శ్రుతిలో ('స' ఏ మీద) పెట్టాలి. పైన చెప్పిన ఒకటిన్నర శ్రుతి పాట ఈ రకందే అయితే కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ మైనస్ నాలుగుకు దించండి, గాంధారం సి షార్ప్ మీదికి వస్తుంది. కింది పంచమమూ పై గాంధారమూ రెండూ ఉన్న పాటైతే ఏ శ్రుతిలో పెట్టినా సంఘానికి అందదు. అది ఒకరు పాడాల్సిన పాట. కానుకల వేళ ఎవరిచేతనైనా పాడించుకోండి, జనాన్ని లేపి నిలబెట్టి మాత్రం పాడించకండి. ఉదయం ఏడున్నరకే ఆరాధన మొదలయ్యేట్టయితే మొదటి పాట మరో మెట్టు దించండి. అప్పటికి గొంతులు విచ్చుకుని ఉండవు.

ఇక మాటలు. 'కృతజ్ఞత పాటలు' అని ఇంటర్నెట్టులో దొరికే జాబితాల్లో చాలావాటిలో కృతజ్ఞత ఉండదు. తేల్చుకోవడానికి సులువైన మార్గం క్రియాపదాలు చూడటం. 'ఇచ్చితివి, కాచితివి, నిలిపితివి' అని జరిగిపోయిన పనులు చెప్పేది కృతజ్ఞత పాట. 'పరిశుద్ధుడవు, మహోన్నతుడవు' అని ఆయన ఎవరో చెప్పేది స్తుతి. 'నింపుము, దీవించుము, రమ్ము' అని అడిగేది విన్నపం. మూడూ మంచివే, కానీ కోత పండుగనాడు వరసగా నాలుగు విన్నపాలు పాడితే, పెట్టిన అన్నం తింటూనే మళ్లీ వడ్డించమన్నట్టు ఉంటుంది. కిందటేడు పాడిన ఆరు పాటల కాగితాలు తీసి క్రియల కింద గీతలు గీయండి. మూడింట రెండొంతులు విన్నపాలే తేలినా ఆశ్చర్యపోకండి.

ఇంకొకటి కూడా చూడండి, పాట 'నేను' అంటోందా 'మేము' అంటోందా అని. ఒకరి సాక్ష్యం తర్వాత 'నేను' పాట బాగుంటుంది. ఊరంతా కలిసి పండించిన ధాన్యం ముందు నిలబడినప్పుడు 'మేము' కావాలి.

పెద్దలకూ యవ్వనస్తులకూ మధ్య మీరు తీర్పు చెప్పనక్కర్లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో మొదటి వరసలో నిలిచే కవి పురుషోత్తమ చౌదరి (1803–1890). ఆయనా ఆయన తర్వాతివాళ్లూ పల్లవి, అనుపల్లవి, చరణాలుగా మన రాగాల్లో, మన తాళాల్లో రాశారు. పాట తల మీద రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. గాయక బృందాల్లో సగం ఆ గీత చదవనే చదవవు. సాగతీత ఎక్కడి నుంచి వస్తుందో ఆ గీతే చెబుతుంది.

మిశ్రచాపు తాళంలో ఉన్న కీర్తన తీసుకోండి. దాని లెక్క 7 అక్షరాలు, మూడు, నాలుగు. కీబోర్డు కుర్రాడు దానికి అలవాటు కొద్దీ నాలుగు దెబ్బల రిథమ్ నొక్కుతాడు. ఇప్పుడు 7 అక్షరాల మాటలు 8 అక్షరాల చోట సర్దుకోవాలి. ప్రతి పాదం చివరా ఒక అక్షరం ఊరికే నిలబడుతుంది. జనం ఆ ఖాళీలో ఆగలేక ముందే అందుకుంటారు, రిథమ్ పెట్టె వాళ్ల కోసం ఆగదు, రెండో చరణానికల్లా పాట రెండుగా చీలిపోతుంది. నిందేమో కీర్తన మీద పడుతుంది. మందు ఒక్కటే. కీర్తనలకు రిథమ్ మీట ఆపేసి తబలా మీద చేతితో వాయించండి. చాపు వాయించడం మీ తబలా అతనికి రాకపోతే ఈసారికి ఆది తాళం కీర్తనలే ఎంచుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు.

వేగం సంగతీ చెప్పాలి. ఆది తాళం కీర్తనను నిమిషానికి 55, 60 దెబ్బల మీద నడిపిస్తే ఊపిరి పాదం మధ్యలో తెగుతుంది. 76 నుంచి 84 మధ్య నడిపించండి. ఫోనులో మెట్రోనోమ్ పెట్టి ఒక్కసారి కొలుచుకుంటే చాలు. యవ్వనస్తులు సాగతీత అన్నది ఎక్కువ భాగం ఇదే. 84 దాటించి పరుగెత్తిస్తే మాత్రం జోడు హల్లులు నలిగిపోయి 'కృతజ్ఞతలు' కాస్తా 'కృతగ్నలు' అవుతాయి.

కీబోర్డు కుర్రాడికి మరో మాట. మోహన రాగం పాటకు సంఘం బాగా నోరు కలుపుతుంది, అయిదే స్వరాలు, జారిపడే మలుపులు లేవు. కానీ దాని కింద అలవాటు కార్డులన్నీ (ఒకేసారి నొక్కే మెట్ల గుంపులు) వేస్తే రాగం మారిపోయినట్టు వినిపిస్తుంది. ఒకటి శ్రుతిలో ('స' సి మీద) అయితే సి మేజర్, ఏ మైనర్ రెండే క్షేమం. ఎఫ్ వేస్తే మధ్యమం, జి మేజర్ వేస్తే నిషాదం చొరబడతాయి, రెండూ మోహనలో లేనివి. జి కావాలనిపించిన చోట జి, డి రెండు మెట్లే నొక్కమనండి. బిళహరిలో ఎక్కేటప్పుడు మోహనలాగే ఉండి దిగేటప్పుడు నిషాదం, మధ్యమం వస్తాయి. జనం దిగేటప్పుడూ మోహనలోనే దిగిపోతారు. ఆపకండి. గాయక బృందం సరిగ్గా పాడితే అయిదారేళ్లకు సంఘం చెవి దానంతటదే దారిలోకి వస్తుంది.

ఇప్పుడు అసలు ఉపాయం. చదువురాని అవ్వలు, పుస్తకం తెచ్చుకోనివాళ్లు, ఆ రోజే మొదటిసారి గుడిలో అడుగుపెట్టిన చుట్టాలు, వీళ్లందరి చేతా పాడించాలంటే వంత కావాలి. బుర్రకథలో, భజనలో, నాట్లప్పుడు పాడే పాటల్లో మన ఊళ్లకు అది తెలిసిందే. ఒకరు ఎత్తుతారు, మిగతావారు అందుకుంటారు. బైబిల్లో 136వ కీర్తన పూర్తిగా అలాంటిది. 26 వచనాలు, ప్రతి వచనం రెండో సగం ఒకటే, ఆయన కృప నిరంతరముండును అని. జనం నేర్చుకోవాల్సింది ఆ ఒక్క ముక్క.

దీనికి బాణీ మీరే కట్టుకోవచ్చు. నాయకురాలి పాదానికి ఒక ఆది తాళం ఆవర్తనం (ఎనిమిది దెబ్బల చుట్టు), వంతకు ఒక ఆవర్తనం. నిమిషానికి 80 దెబ్బల మీద ఆవర్తనం 6 సెకన్లు, వచనానికి 12 సెకన్లు, మొత్తం 26 వచనాలకు 5 నిమిషాల పైచిలుకు. అంతసేపు ఒకే ముక్క విసుగనిపిస్తే నలుగురు గొంతులు మారండి: 1–9 సృష్టి, 10–16 ఐగుప్తు నుంచి అరణ్యం దాకా, 17–22 రాజులు, భూమి, 23–26 దీనదశ, ఆహారం. 25వ వచనం సమస్త జీవులకు ఆహారమిచ్చే సంగతి. కోత పండుగనాడు అక్కడికి వచ్చాక తబలా ఆపేసి, ఆ వచనం మూడుసార్లు ఉత్త గొంతులతో పాడించండి. జనం తమ గొంతు తాము విన్నది మొదటిసారి అక్కడే కావచ్చు.

బాణీ కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. సాగే స్వరం మీద దీర్ఘాక్షరమే పడాలి. హ్రస్వాన్ని సాగదీస్తే తెలుగులో మాటే మారిపోతుంది. 'పలు మేలులు' సాగితే 'పాలు మేలులు' అవుతుంది, 'కల' కాస్తా 'కాల' అవుతుంది. వచనం బిగ్గరగా మూడుసార్లు చదివి, నోరు ఎక్కడ తనంతట తాను నిలుస్తుందో అక్కడే తాళం దెబ్బ పెట్టండి. వంత మొదలయ్యే చోట దెబ్బ మీదే ఎత్తుగడ ఉండాలి. దెబ్బ తర్వాత అర అక్షరం ఆగి ఎత్తే బాణీ అందంగా ఉంటుంది గానీ 150 మంది ఒకేసారి ఎత్తలేరు. మీరు చేయి పైకెత్తి, వంతకు ముందు దెబ్బ మీద దించండి. అదే వాళ్లకు సైగ.

కానుకల ఊరేగింపు దగ్గర చాలా సంఘాల్లో పాట అయిపోతుంది, వరస అయిపోదు. ముందే లెక్క వేసుకోండి. గుమ్మడికాయో అరటిగెలో బియ్యం గంపో ఉంచి పక్కకు తప్పుకోవడానికి మనిషికి 6 సెకన్లు. 150 మంది ఒకే వరసలో వస్తే 15 నిమిషాలు. పల్లవి 20 సెకన్లు, చరణం 40 అనుకుంటే, చరణం తర్వాత చరణం పల్లవికి వస్తూ నాలుగు చరణాల కీర్తన 4 నిమిషాల 20 సెకన్లలో ముగుస్తుంది. రెండు వరసలు చేయించండి, ఏడున్నర నిమిషాలకు దిగుతుంది. దానికి ఒక కీర్తన, ఆ వెంటనే అదే శ్రుతిలో, అదే తాళంలో మరొకటి కలపండి. శ్రుతి మారిస్తే మధ్యలో నిశ్శబ్దం వస్తుంది, చేతిలో కోడిని పట్టుకున్నవాడు ఆ నిశ్శబ్దంలో దిక్కులు చూస్తాడు. ఊరేగింపులో జనం చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి పుస్తకం చూడలేరు. అందుకే ఇక్కడ వాడేది వాళ్లకు నోటికొచ్చిన పాత కీర్తనలే. కొత్త పాటకు ఇది చోటు కాదు. పెద్దల కోరిక ఇక్కడ తీరుతుంది, యవ్వనస్తులకు 136వ కీర్తన బాణీ కట్టే పని అప్పగించండి.

ఇక మీ కౌలు రైతులు.

బైబిల్లో కృతజ్ఞత కీర్తన కలిగినవాళ్ల సంతోషపు పాటగా మొదలవదు. 116వ కీర్తనలో మూడో వచనానికే మరణబంధాలు వచ్చేస్తాయి. ఆ దారి ఇలా ఉంటుంది: ఇంత కష్టం వచ్చింది, మొరపెట్టాను, విన్నాడు, ఇప్పుడు ప్రజలందరి ఎదుట మొక్కుబడి చెల్లిస్తున్నాను. కష్టం చెప్పే భాగం తీసేసి మేలులు మాత్రమే మిగిల్చిన పాటలు పాడినప్పుడే నష్టపోయినవాడికి తన చోటు కనబడదు. కాబట్టి ఆ రోజు వరసలో కష్టానికి చోటు పెట్టండి, ఊరేగింపుకు ముందే.

దానికి 107వ కీర్తన చాలా అనువైనది. నాలుగు గుంపులు వస్తాయి: ఎడారిలో దారితప్పినవాళ్లు, చెరలో ఉన్నవాళ్లు, జబ్బుతో చావు అంచుదాకా పోయినవాళ్లు, సముద్రం మీద తుపానులో చిక్కినవాళ్లు. ప్రతి గుంపు కథ చివరా కృతజ్ఞత చెల్లించమనే పల్లవి ఒకటి తిరిగి వస్తుంది, 8, 15, 21, 31 వచనాల్లో. నలుగురు నాలుగు భాగాలు చదవాలి, పాడొద్దు. వెనక కీబోర్డు మీద షడ్జమం, పంచమం రెండు మెట్లే పట్టి ఉంచండి, తబలా వద్దు. పల్లవి వచ్చినప్పుడు మాత్రం అందరూ పాడతారు, అప్పుడు తబలా కలుస్తుంది. తుపాను భాగం చివర్లో ఉంది. సముద్రానికి దగ్గరగా ఉన్న మీ ఊళ్లో దాన్ని చదివేవాళ్లకు గొంతు తగ్గించమని ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత హబక్కూకు మూడో అధ్యాయం, 17, 18 వచనాలు. అంజూరపు చెట్లు పూయకున్నా, చేను పైరు పండకున్నా, సాలలో పశువులు లేకపోయినా అన్న వరస. ఇది ప్రవక్త ప్రసంగం కాదు, పాటే. అధ్యాయం చివర తంతివాద్యాలతో పాడాలని ప్రధాన గాయకుడికి సూచన కూడా ఉంది. మీ గాయక బృందంలో నిబ్బరమైన గొంతు ఒకటి ఎంచి తాళం లేకుండా, పద్యం చదివినట్టు పాడించండి. రెండు నిమిషాలు మించకూడదు. వెంటనే ఉత్సాహపు పాట ఎత్తకండి. పాస్టరు గారితో ముందే మాట్లాడుకుని అక్కడ అర నిమిషం మౌనం, ఒక ప్రార్థన పెట్టించండి.

చేయకూడనివి కూడా ఉన్నాయి. ఆ ఇద్దరినీ ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించకండి. వాళ్లను అడగకుండా ప్రార్థనలో పేర్లు ఎత్తకండి. 'పంట పుష్కలం, గాదెలు నిండె' అనే చరణం మీ పాటల్లో ఉంటే ఆ చరణం వదిలేయండి, పాటంతా వదలక్కర్లేదు. ఊరేగింపులో చేతిలో ఏమీ లేనివాడు కుర్చీకి అతుక్కుపోతాడు కాబట్టి గుమ్మం దగ్గర ఒక గంపలో వరి కంకులు పెట్టి లోపలికి వచ్చే ప్రతి ఇంటికీ ఒకటి ఇవ్వండి. అందరూ అదే ముందుగా పట్టుకొచ్చి ఉంచుతారు, తెచ్చిన గంపలు ఆ వెనక వస్తాయి. పడిపోయిన చేలలో ఏరిన కంకులైనా ఫర్వాలేదు. ఇది సంగీతం పని కాదు కదా అనుకోవచ్చు, కానీ చేతిలో కంకి లేనివాడి నోట్లో పాట పెట్టడం ఏ శ్రుతికీ సాధ్యం కాదు.

నేర్పడం ఎప్పుడన్నది చిక్కే. డిసెంబరంతా క్రిస్మస్ పాటల సాధనలో పోతుంది, ఆ తర్వాత పండుగకు ముందు మిగిలేది ఒక్క ఆదివారం, దాని మీద కొత్త సంవత్సరం ఆరాధన అలసట ఒకటి. కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టాలి. కొత్తగా నేర్పేది రెండే: 136 వంత, 107 పల్లవి. నవంబరు చివరి ఆదివారం జనం వచ్చి కూర్చునే వేళ, ఆరాధనకు ముందు పది నిమిషాలు ఆ రెండు బాణీలూ కీబోర్డు మీద మాటలు లేకుండా వాయించండి. డిసెంబరు మొదటి ఆదివారం సండే స్కూలు పిల్లలకు వంత నేర్పండి. ఇళ్లలో పాడి పెద్దవాళ్ల చెవిలో వేసేది వాళ్లే. రెండో వారం స్త్రీల సమాజం కూడికలో, మూడో వారం కానుకల వేళ గాయక బృందం నోట, నాలుగో వారం క్రిస్మస్ కాబట్టి వదిలేయండి. జనవరి మొదటి ఆదివారం ఆరాధనకు ముందు ఏడు నిమిషాలు జనంతో: మీరు ఒకసారి పాడండి, వాళ్లు విననివ్వండి, రెండోసారి వాళ్లు, మూడోసారి మీరు మైకు దించేసి చేయి మాత్రమే చూపండి. తప్పు పాడితే ఆపి సరిదిద్దకండి, మళ్లీ మీరే సరిగా పాడి వినిపించండి. తప్పని చెప్పించుకున్న పెద్దాయన రెండోసారి నోరు విప్పడు.

వంత మాటలు గోడకు చార్టు మీద రాయించండి, రెండంగుళాల అక్షరాలు. పంక్తుల మధ్య చోటు బాగా వదలాలి, లేకపోతే వత్తులు కింది పంక్తి గుడులతో కలిసిపోయి 'కృతజ్ఞతాస్తుతులు' అనే మాట ఎవరూ చదవలేని ముద్ద అవుతుంది. పుస్తకాలు వేర్వేరు ముద్రణలవి ఉంటే పాట నంబరు ఒక్కటే చెప్పకండి, మొదటి పాదం కూడా చదవండి.

పండుగనాడు మైకులు రెండే. ఒకటి మీకు, ఒకటి చదివేవాళ్లకు. 9 మందికీ మైకులిస్తే స్పీకర్లలో వచ్చేది తొమ్మండుగురి గొంతే, జనం తమ గొంతు తమకు వినబడక ఆపేస్తారు. 150 మంది పట్టే గదికి ఢోలక్‌కు మైకు అసలే వద్దు. పైన రేకుల షెడ్డైతే ఢోలక్ మోత రేకు మీద కొట్టుకుని మాటల్ని మింగేస్తుంది, ఆ రోజుకు తబలా, చేతితాళాలు చాలు. బయట షామియానా కింద పెడితే సమస్య తిరగబడుతుంది: గోడలు లేవు కాబట్టి పాడింది పాడినట్టు గాలిలో పోతుంది, పక్కవాడి గొంతు వినబడక ఎవరికి వారు తగ్గిపోతారు. కుర్చీలు దగ్గరగా, మూడు వైపులా వంకీగా వేయించి, గాయక బృందాన్ని వేదిక మీద కాకుండా జనం మధ్యలో రెండు చోట్ల కూర్చోబెట్టండి.

ఆరాధన ముగిశాక తెచ్చిన వస్తువులకు వేలం ఉంటుంది. మన భాషలో దాన్నీ 'పాట' అనే అంటాం, గుమ్మడికాయకు పోటీపడి పాడేటప్పుడు మాత్రం ఎవరికీ శ్రుతి అడ్డు రాదు. ఆ గంటసేపు స్పీకర్లో ఆరాధన పాటలు వేయకండి. పాస్టరు గారు ఒప్పుకుంటే వేలానికి ముందే ప్రేమ విందు పెట్టించండి. లేవీయకాండం ఏడో అధ్యాయంలో కృతజ్ఞతార్పణ మాంసాన్ని అర్పించిన రోజే తినాలని, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదని ఉంది. ఆ పద్ధతి తెలిసినవాళ్లు కీర్తన పాడి అన్నం దగ్గర కూర్చునేవారు. వడ్డన జరుగుతున్నంతసేపూ పిల్లలు 136 వంత పాడుతూనే ఉంటే ఆపకండి.

ఒక్కటి మరచిపోవద్దు. పండుగ అయ్యాక కీబోర్డు ట్రాన్స్‌పోజ్ సున్నాకు తెచ్చి, పాటలవారీగా వాడిన శ్రుతీ వేగమూ ఒక కాగితం మీద రాసి కీబోర్డు మూత లోపల అంటించండి. మైనస్ నాలుగు మీద మరచిపోయారంటే మరుసటి ఆదివారం మొదటి కీర్తన గొంతుల అడుగున మొదలై, ఎందుకలా ఉందో ఎవరికీ తెలియకుండానే ముగిసిపోతుంది.